ఎనిమిది రెజ్యూమెలంత ఇల్లు

మీ రెజ్యూమె ప్రింటు ఒకటి తీసి టేబుల్ మీద పెట్టండి. పెట్ షాపులో హ్యామ్‌స్టర్‌తో పాటు మనకి అంటగట్టే రంగురంగుల పంజరం అడుగుభాగం ఇంచుమించు అంతే ఉంటుంది. నేను కొన్నదాన్ని టేపు పెట్టి కొలిచాను. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 23. అంటే ఎ4 కాగితం కంటే వెడల్పులో రెండు సెంటీమీటర్లు ఎక్కువ, అంతే. అందులోనే తిండి గిన్నె, చక్రం, ఓ ప్లాస్టిక్ మేడ, దానికి మెట్లు. మిగిలిన జాగాలో ఓ ప్రాణి రెండేళ్లో మూడేళ్లో బతకాలి.

కెరీర్ పేజీలో ఈ ఎలుక గోలేంటి అనుకుంటున్నారా? నేను చూసినంతలో హ్యామ్‌స్టర్ కొనేది ఎక్కువగా మనలాంటివాళ్లమే. కుక్కని హాస్టల్‌లోకి రానివ్వరు. పిల్లిని తెస్తే వార్డెన్ మనల్నీ పంపించేస్తారు. రాత్రంతా ఆప్టిట్యూడ్ లెక్కలతో కుస్తీ పడుతున్నప్పుడు పక్కన ఓ చిన్న జీవి మెలకువగా ఉంటే బాగుంటుందనిపిస్తుంది. అందులో తప్పేం లేదు. నాకూ అలాగే అనిపించింది. తప్పులన్నీ ఆ తర్వాత చేశాను.

2019లో ఈసీఈ పూర్తిచేసి అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సులో చేరాను. ముగ్గురం ఒకే గది. ఓ ఆదివారం షాపుకెళ్తే, "జత తీసుకెళ్లు తమ్ముడూ, ఒక్కటే ఉంటే దిగులు పెట్టుకుంటుంది" అన్నాడు షాపాయన. మంచి మాటే కదా అని రెండూ తెచ్చేశాం. బంగారు రంగులో గుండ్రంగా ఉన్నదానికి బూరె అని, బూడిద రంగుదానికి బిట్టు అని పేర్లు పెట్టాం. రెండు వారాలు బాగానే ఉన్నాయి. తర్వాత రాత్రిళ్లు కీచుకీచుమని అరుపులు మొదలయ్యాయి. ఆడుకుంటున్నాయనుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నాం. ఓ పొద్దున లేచి చూస్తే బిట్టు ఓ మూల పడి ఉంది. చెవి దగ్గరా, పొట్ట కిందా గాయాలు. పారిపోదామన్నా ఆ డబ్బాలో చోటేదీ? మధ్యాహ్నానికి పోయింది. ఆ రోజు నాకో మాక్ ఇంటర్వ్యూ ఉంటే వెళ్లొచ్చాకే పాతిపెట్టాం. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మన షాపుల్లో ఎక్కువగా దొరికే గోల్డెన్ హ్యామ్‌స్టర్ పుట్టిల్లు సిరియా, టర్కీ సరిహద్దు ప్రాంతం. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త అలెప్పో దగ్గర పొలంలో తవ్వించి, ఓ తల్లినీ పిల్లల్నీ పట్టుకెళ్లాడు. ఇవాళ ల్యాబుల్లో, ఇళ్లల్లో పెరుగుతున్న గోల్డెన్ హ్యామ్‌స్టర్లు దాదాపుగా ఆ కుటుంబం సంతతే. ఆ పొలాల్లో ఇది అరమీటరుకి పైగా లోతు బొరియ తవ్వుకుని ఒంటరిగా ఉంటుంది. ఒక బొరియలో పెద్దది ఒక్కటే. ఎదిగాక పక్కన ఇంకోటి ఉంటే అది తోడు కాదు, చొరబడ్డ శత్రువు. కాబట్టి ఎవరేం చెప్పినా ఒక డబ్బాలో ఒక్కటే. డ్వార్ఫ్ రకాలు కలిసి ఉంటాయని అంటారు గానీ, మొదటిసారి పెంచేవాళ్లు ఆ సాహసం చేయకపోవడమే మేలు.

బిట్టు పోయాక బూరె ఒక్కటే మిగిలింది. రాత్రి పదకొండు దాటితే పంజరం కమ్మీలు కొరకడం మొదలు. టకటకా, టకటకా. పళ్లు అరగదీసుకుంటోందని మా రూమ్మేట్ తేల్చాడు. హ్యామ్‌స్టర్ పళ్లు జీవితాంతం పెరిగే మాట నిజమే, కానీ అలా గంటల తరబడి కమ్మీలు కొరకడం అందుకోసం కాదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ఓ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. గోల్డెన్ హ్యామ్‌స్టర్లని మూడు రకాల బోనుల్లో పెట్టారు. కొన్నింటిలో బెడ్డింగ్ లోతు 10 సెంటీమీటర్లు, కొన్నింటిలో 40, మిగతావాటిలో 80. పది సెంటీమీటర్ల దాంట్లో ఉన్నవి కమ్మీలు బాగా ఎక్కువగా కొరికాయి. 80 ఉన్నచోట ఒక్కటి కూడా కొరకలేదు. మా బూరెకి మేమిచ్చిన లోతు ఎంతో తెలుసా? రెండు వేళ్లు.

అందుకే ముందు ఇల్లు, తర్వాతే హ్యామ్‌స్టర్. జర్మనీలో జంతు సంక్షేమం కోసం పనిచేసే పశువైద్యుల సంఘం చెప్పే కనీస కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు. అడుగుభాగం 5,000 చదరపు సెంటీమీటర్లు. లెక్కేసి చూస్తే ఎనిమిది ఎ4 కాగితాలు. నాలుగు చొప్పున రెండు వరసల్లో రెజ్యూమెలు నేలమీద పరవండి. అంత జాగా మీ గదిలో ఖాళీగా ఉందా? లేకపోతే ఈ ఏడాదికి ఆ ఆలోచన పక్కన పెట్టేయండి. పై అంతస్తులు కలిపి లెక్కేసే పంజరాలుంటాయి, వాటిని నమ్మొద్దు. హ్యామ్‌స్టర్‌కి కావాల్సింది పరిగెత్తడానికి ఒకే నేల, తవ్వడానికి లోతు. మేడమీది నుంచి పడితే కాళ్లు విరగ్గొట్టుకుంటుంది కూడా.

అంత పెద్దది కొనాలంటే ఖరీదే. నేను కొనలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి విజయవాడ వచ్చేశాక, బాబాయి వాళ్లింట్లో నీళ్లు కారుతోందని మేడమీద పడేసిన నాలుగడుగుల ఆక్వేరియం తెచ్చుకున్నాను. మనకి నీళ్లు ఆపక్కర్లేదుగా. పైన చెక్క ఫ్రేముకి ఇనప జాలీ బిగించి మూత చేశాను. గాలి ఆడాలంటే పైభాగమంతా జాలీయే ఉండాలి, గాజు మూత పెట్టకూడదు. పెద్ద ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా దొరికినా పనవుతుంది. మూతలోనూ, పక్కల్లోనూ కిటికీల్లా కోసి జాలీ బిగించాలి. రంధ్రాలు పెట్టడానికి నా సోల్డరింగ్ ఐరన్ పనికొచ్చింది (నాలుగేళ్ల ఈసీఈకి ఆ మాత్రం న్యాయం చేశాను). కమ్మీల పంజరమే కావాలనుకుంటే సందు ఒక సెంటీమీటరు మించకుండా చూసుకోండి. డ్వార్ఫ్ రకాలకి ఇంకా తక్కువ ఉండాలి. తల పట్టిందంటే ఒళ్లూ పట్టేస్తుంది, తెల్లారేసరికి అది వంటగదిలో ఉంటుంది.

బెడ్డింగ్ కనీసం ఒక పక్కనైనా జానెడు మించి పోయండి. ఎంత ఎక్కువుంటే అంత మంచిది. వాసన లేని తెల్ల టిష్యూలు చింపి వేయొచ్చు, కాగితంతో చేసిన బెడ్డింగ్ దొరికితే ఇంకా బాగు. కార్పెంటర్ దగ్గర ఊరికే వస్తుందని రంపపు పొట్టు తేకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు, పైగా ఆ చెక్కకి ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు? మెత్తగా ఉంటుందని షాపులో అమ్మే దూది అంతకన్నా ప్రమాదం. పోగులు కాళ్లకి చుట్టుకుంటాయి, మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. చక్రం గోల్డెన్ రకానికి సుమారు 28 సెంటీమీటర్ల వ్యాసం ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, కమ్మీల నిచ్చెనలా ఉండకూడదు. పరిగెత్తేటప్పుడు వీపు వెనక్కి వంగుతోందంటే చక్రం చిన్నదైనట్టే. స్నానం నీళ్లతో చేయించొద్దు. గిన్నెలో మెత్తటి, దుమ్ము లేని ఇసుక పెడితే అదే దొర్లుతుంది.

ఆక్వేరియంలోకి మారిన రెండో రాత్రే బూరె కనిపించకుండా పోయింది. తప్పించుకుందనుకుని ఇల్లంతా వెతికాం. "ఎలకల మందు పెట్టే ఇంట్లో ఎలుకని పెంచుతావేంట్రా" అంటూనే అమ్మ మంచాల కింద టార్చి వేసి చూసింది. తీరా అది అడుగున సొరంగం తవ్వుకుని నిద్రపోతోంది. ఆ ఇంట్లో మళ్లీ టకటక వినపడలేదు.

ఇక మన ఎండలు. హ్యామ్‌స్టర్‌కి 20 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే. విజయవాడ మే నెల సంగతి మీకు చెప్పాలా? ఎండ పడే కిటికీ పక్కన గాజుపెట్టె పెడితే అది పొయ్యే. గదిలో చల్లటి మూల చూసి నేలమీద పెట్టండి. లోపల ఓ టైల్స్ ముక్క, బోర్లించిన చిన్న మట్టికుండ పెడితే వాటిని ఆనుకుని పడుకుంటుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాని గుడ్డ చుట్టి పెట్టెకి బయట ఆనించొచ్చు. ఫ్యాను గాలి నేరుగా తగలనీయొద్దు. నీరసంగా చాపచుట్టలా పడిపోయి, గబగబా ఊపిరి తీస్తుంటే వడదెబ్బ. చన్నీళ్లలో ముంచకుండా చల్లటి చోటికి మార్చి వెంటనే డాక్టర్‌ని సంప్రదించాలి.

ఆ డాక్టర్ ఎవరో కొనకముందే తెలియాలి. చాలామంది పశువైద్యులు ఇంత చిన్న జీవుల్ని చూడరు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు దగ్గర్లో ఉంటే ముందే కనుక్కోండి. పిల్ల హ్యామ్‌స్టర్‌కి విరేచనాలు పట్టుకుని తోక తడిగా ఉంటే రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు, వెతుక్కునే టైముండదు.

షాపు విషయానికొస్తే, 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం ప్రతి షాపూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. రిజిస్ట్రేషన్ చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. ఆడవీ మగవీ కలిపి ఒకే తొట్టిలో పెట్టిన చోట కొనకండి. గోల్డెన్ హ్యామ్‌స్టర్ గర్భం 16 రోజులే. ఒకటి తెచ్చుకుంటే పక్షం తిరిగేసరికి పది కావచ్చు. ఉద్యోగం వచ్చి ఊరు మారుతున్న సీనియర్లు ఎవరైనా ఇచ్చేస్తామంటే పెట్టెతో సహా తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచి దారి.

ఆ మాటకొస్తే మీ సంగతేంటి? ఆఫర్ లెటర్ వస్తుంది, జాయినింగ్ పుణెలోనో నోయిడాలోనో. పీజీలో ఒప్పుకోరు. నాకు 2019 డిసెంబర్లో చెన్నై పడితే బూరెని అమ్మానాన్నల దగ్గర వదిలేసి వెళ్లాను. వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏం చేసేవాణ్నో తెలీదు. సంక్రాంతికి మీరు నాలుగు రోజులు ఊరెళ్తే నీళ్లెవరు పోస్తారు? ఆ మనిషిని ముందే అడిగి, సరే అనిపించుకుని ఉంచండి. రూమ్మేట్లనీ అడగండి, అర్ధరాత్రి చక్రం చప్పుడు వాళ్లకీ వినపడుతుంది.

ఇవన్నీ కుదిరాకే తెచ్చుకోండి. తెచ్చిన రోజు పెట్టెలో వదిలి, తిండీ నీళ్లూ పెట్టి, మూడు నాలుగు రోజులు చెయ్యి పెట్టొద్దు. పగలు నిద్ర లేపొద్దు, ఫ్రెండ్స్‌కి చూపించాలనిపించినా సరే. రాత్రి మీరు చదువుకునేటప్పుడు పక్కనే కూర్చుని మెల్లగా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. మాక్ ఇంటర్వ్యూ జవాబులైనా పర్లేదు. మీ గొంతు అలవాటయ్యాక అరచేతిలో ఓ పొద్దుతిరుగుడు గింజ పెట్టి ఆగండి. అదే వస్తుంది.