అటకెక్కిన వెలుగులు

పండగకి ముందు లైట్లు కట్టాలంటే ఇంటిల్లిపాదీ సిద్ధం. పండగయ్యాక వాటిని దించాలంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. దించినా ఉండచుట్టి అటకమీదికి విసిరేస్తారు. వచ్చే పండగకి ఇంటిముందు వెలుగు ఉంటుందా, ప్రమాదం పొంచి ఉంటుందా అన్నది తేలిపోయేది అప్పుడే!

వినాయక చవితికి ముందురోజు సాయంత్రం. నాన్న కుర్చీ వేసుకుని అటకమీంచి అట్టపెట్టె దించుతాడు. మూత తీయగానే ఓ బొద్దింక బయటికి దూకుతుంది. దాని వెనకే చిక్కుపడ్డ వైర్ల ఉండ. పిల్లలు తలో కొసా పట్టుకుని లాగుతారు. అరగంట కుస్తీపట్లయ్యాక ప్లగ్గు పెడితే... సగం వెలుగుతాయి, సగం వెలగవు. ‘పోయినేడాది బాగానే వెలిగాయే!’ అని అమ్మ ఆశ్చర్యపోతుంది. నాన్న బండి తీసి బజారుకి పరిగెడతాడు. కొత్త సెట్టు వస్తుంది. మరి పాతది? ‘ఎప్పుడైనా బాగుచేయిద్దాంలే’ అనుకుంటూ మళ్లీ అదే పెట్టెలోకి!

ఈ తంతు జరగని ఇల్లు అరుదు. చవితితో మొదలైన లైట్ల సందడి దసరా, దీపావళి, కార్తీకం, క్రిస్మస్‌ మీదుగా సంక్రాంతి దాకా సాగుతుంది. ఆ తర్వాత మళ్లీ చవితి వచ్చేదాకా ఏడు నెలల పైచిలుకు సెలవు. ఆ సెలవుల్లో వాటి గురించి ఎవరికీ పట్టదు. కానీ మండే ఎండాకాలం, తొలి వానలు... రెండూ వచ్చిపోయేది ఆ ఏడు నెలల్లోనే.

దించడానికి ముహూర్తమేదీ?

మనకి లైట్లు కట్టడానికి రోజుంది. తీయడానికి లేదు. అందుకే సంక్రాంతికి కట్టినవి శివరాత్రి దాకా గోడమీద వేలాడుతూనే ఉంటాయి. కొన్నిళ్లలోనైతే ఉగాదికీ ఉంటాయి, వెలగకుండా!

ఇంగ్లండులో క్రిస్మస్‌ అలంకరణల్ని జనవరి 5 లేదా 6 కల్లా తీసేయాలన్నది పాత ఆనవాయితీ. ఆ గడువు దాటితే ఇంటికి అరిష్టమని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లండన్‌ ట్రఫాల్గర్‌ స్క్వేర్‌లో నిలబెట్టే చెట్టుదీ అదే పద్ధతి. 1947 నుంచీ ఏటా నార్వే దాన్ని కానుకగా పంపిస్తోంది. ఆ గడువులోగానే దాన్ని దించి, ముక్కలు చేసి, మొక్కల మొదళ్లలో వేయడానికి పంపేస్తారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, గడువంటూ ఉంటే పని జరుగుతుంది.

అలాంటి క్రమశిక్షణ మనకి లేదా అంటే... ఉంది. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లని చూడండి. కొలువు ముగిసిన రోజున ఓ బొమ్మని పడుకోబెట్టి హారతిచ్చే సంప్రదాయం చాలా ఇళ్లలో ఉంది. మర్నాటి నుంచి సర్దుడే. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మల్నీ, లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మల్నీ ఒక్కోదాన్నీ తుడిచి, పాత పంచె ముక్కలో చుట్టి, మధ్యలో వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెడతారు. అందుకే అమ్మమ్మ కొలువులోని బొమ్మ మనవరాలి కొలువులోనూ నిలబడుతోంది. అదే ఇంట్లో లైట్ల సెట్టు మాత్రం మూడేళ్లు దాటదు. తేడా సరుకులో ఉందనుకుంటాం. సగం తేడా సర్దడంలోనే ఉంది.

చిన్న బల్బే కదా అనుకుంటే...

కరెంటు దీపాలతో పండగ చేసుకోవడం కొత్తేం కాదు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్‌ సహచరుడు ఎడ్వర్డ్‌ జాన్సన్‌ తన ఇంట్లో క్రిస్మస్‌ చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు వెలిగించాడు. వైర్లన్నీ చేత్తో అల్లినవే. ఆనాడు అది చూసేవాళ్లకి వింత. ఇప్పుడు వీధి చివరి కొట్లో దొరికే సరుకు. చవగ్గా దొరికేసరికి భయం కూడా పోయింది.

పాతరకం సీరియల్‌ సెట్టులో బల్బులన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. 50 బల్బులుంటే 230 వోల్టుల్నీ అవే పంచుకుంటాయి. ఒక్కోదాని వాటాకి 4.6 వోల్టులు. ‘ఇంతేగా, ఏం చేస్తుందిలే’ అనిపిస్తుంది. అసలు మోసం అక్కడే ఉంది. వాటా చిన్నదే కానీ తీగలో ఉన్నది ఇంటి కరెంటే. చెప్పుల్లేకుండా తడినేల మీద నిలబడి తెగిన చోట ముట్టుకుంటే షాక్‌ కొట్టేది 4 వోల్టులు కాదు, 230 దాకా ఉండొచ్చు. ఒక బల్బు ఊడదీస్తే మిగతావన్నీ ఆరిపోతాయి కదా... ఆ క్షణంలో ఖాళీ హోల్డరు రెండు కొసల మధ్యా ఉండేది మొత్తం వోల్టేజీ! ఆరిపోయింది కదా అని వేలు పెట్టామో, అంతే సంగతులు.

మరి ఎల్‌ఈడీలో? అవి తక్కువ కరెంటు తాగుతాయి, వేడెక్కవు, వేల గంటలు వెలుగుతాయి. కానీ అడాప్టరు లేకుండా నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే ఎల్‌ఈడీ దండల్లోనూ ప్రమాదం అలాంటిదే. పైగా దీపం పదేళ్లు మన్నినా వైరు మన్నాలిగా! ఎల్‌ఈడీ సెట్లలో ముందుగా చెడేవి చాలాసార్లు దీపాలు కావు... వైరు, అతుకులు, ప్లగ్గు దగ్గరుండే చిన్న డబ్బా.

వైరుకీ వడదెబ్బ

వైరుమీది తొడుగు పీవీసీ. అది మెత్తగా వంగడానికి అందులో కొన్ని రసాయనాలు కలుపుతారు. ఎండకి, వేడికి అవి నెమ్మదిగా తగ్గిపోతాయి. తొడుగు గట్టిపడి పెళుసవుతుంది. వంచితే చిట్లుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో డాబామీది రేకుల గదిలో వేసవంతా పడున్న వైరు ఎలా తయారవుతుందో ఊహించుకోవచ్చు. ఇక తడి ఆరకముందే పాలిథిన్‌ కవర్లో మూట కట్టేస్తే, లోపలి రాగి తీగలకి పచ్చటి చిలుము పడుతుంది.

ఎలుకల సంగతి సరేసరి. వాటి ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అరగదీయడానికి ఏదో ఒకటి కొరకాల్సిందే. చిక్కుపడ్డ వైర్ల ఉండయితే గూడుకి గూడు, పళ్లకి పని!

ఇలా తొడుగు పోయిన తీగని చవితినాడు ఇనుప గ్రిల్‌కి చుడతారు. అసలే వానాకాలం. తడిసిన గ్రిల్‌కి కరెంటు పాకుతుంది. ఎంసీబీ ఉంది కదా, పడిపోతుందని ధీమా. అది కాపాడేది వైరింగునే కానీ మనిషిని కాదు. కొన్ని ఆంపియర్లు దాటితేగానీ అది పడదు. మనిషి ప్రాణానికి ఆంపియరులో చిన్న వంతు చాలు. అందుకే బయట లైట్లు కట్టే ప్రతి ఇంటికీ 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అడిగితే ఉందో లేదో నిమిషంలో చెబుతాడు.

దించేది ఇలా...

ముందు స్విచ్చి ఆపాలి, ప్లగ్గు తీయాలి. ఆ తర్వాతే నిచ్చెనెక్కాలి. కట్టింది ఎటునుంచో చూసుకుని వెనక్కి విప్పుకుంటూ రావాలి. కిందినుంచి కొస పట్టుకుని సర్రున లాగితే మేకుకో, వేపకొమ్మకో గీసుకుని తొడుగు చిరుగుతుంది. చిరిగినట్టు అప్పుడు కనిపించదు కూడా.

దించాక నేలమీద పొడవుగా పరిచి ఒకసారి వెలిగించి చూడాలి. వెలగనిది, వెలిగినా వైరు బయటపడింది పక్కన పెట్టాలి. వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే పండగ హడావుడిలో ఇన్సులేషన్‌ టేపు చుట్టి వేలాడదీసేస్తారు. తర్వాత ప్లగ్గు తీసేసి పొడిగుడ్డతో దుమ్ము తుడవాలి. మంచులో తడిసి ఉంటే నీడన ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి.

చుట్టడంలోనే ఉంది కిటుకంతా. అరచేతికీ మోచేతికీ వేసి బిగించి చుట్టడం మనకి అలవాటు. అలా చేస్తే ప్రతి మలుపులోనూ తీగ నలుగుతుంది. పాత అట్టపెట్టెలోంచి జానెడు వెడల్పు ముక్క కత్తిరించి, దానికి వదులుగా చుట్టండి. ప్లగ్గు లేని కొసతో మొదలుపెడితే ప్లగ్గు చివరికి పైన మిగులుతుంది. మళ్లీ తీసినప్పుడు చిక్కు లేకుండా విప్పుకోవచ్చు. అట్టమీద ‘గేటు’, ‘బాల్కనీ’, ‘తులసికోట’ అని రాసి పెడితే ఎక్కడిదక్కడికి సరిపోతుంది. ఒక్కో అట్టకి ఒక్క సెట్టే!

ఎక్కడ దాచాలి?

అటక తప్పకపోతే అట్టపెట్టె వద్దు. మూత బిగుతుగా ఉండే రేకు డబ్బా మేలు. పాత బియ్యం డబ్బా అయినా సరే, ఎలుక పళ్లకి లొంగదు. కొత్త చెప్పుల పెట్టెల్లో, బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్‌ పొట్లాలు నాలుగు వేస్తే తేమ పీల్చుకుంటాయి. రేకుల గదికన్నా మంచం కింద, బీరువా మీద వేడి తక్కువ. ఆ డబ్బాలో ప్రసాదం మరకలంటిన గుడ్డలు, నూనె జిడ్డు వస్తువులు పెట్టకూడదు. చీమలకీ ఎలుకలకీ కబురు పెట్టినట్టే.

కలరా ఉండలు వేస్తే పోలా అనుకుంటారు చాలామంది. థర్మోకోల్‌ అలంకరణలున్న పెట్టెలో మాత్రం వద్దు. ఆ ఆవిరికి థర్మోకోల్‌ కరిగి జిగురవుతుంది. బ్యాటరీతో వెలిగే దీపాల్లోంచి పెన్సిల్‌ సెల్స్‌ తప్పకుండా తీసేయాలి. నెలల తరబడి ఉంటే అవి కారి లోపలి రేకుల్ని తినేస్తాయి.

క్రిస్మస్‌ కాగితం నక్షత్రంలోంచి ముందు బల్బు, హోల్డరు తీసేసి, మడతల వెంబడే మడిచి రెండు అట్టల మధ్య బల్లపరుపుగా పెడితే నాలుగు క్రిస్మస్‌లు చూస్తుంది. మట్టి ప్రమిదల్ని వేడినీళ్లలో నానబెట్టి జిడ్డు వదిలించి, బాగా ఎండబెట్టి, మధ్యలో కాగితం వేసి పేర్చాలి. అద్దాల గుడ్డ తోరణాల్ని మడత పెట్టకుండా చాపలా చుట్టాలి.

అమెరికాలో అయితే...

అమెరికాలోని తెలుగిళ్లలో ఈ పని మరోలా ఉంటుంది. దీపావళికి కట్టిన దీపాలే క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ పనికొస్తాయి. అంటే రెండు నెలలకి పైగా వానకీ మంచుకీ నానుతాయి. చలికి వైరు బిర్రబిగుసుకుపోతుంది. అప్పుడు వంచినా చిట్లుతుంది. అందుకే కాస్త ఎండ కాసి, మంచు కరిగిన రోజు చూసుకుని దించడం మంచిది. జనవరి మొదటివారంలోనే తీసేయాలన్న తొందరలో మంచుపట్టిన నిచ్చెన ఎక్కడం వైరుకన్నా మనిషికి ప్రమాదం.

ఇక్కడయినా అక్కడయినా కొనేటప్పుడే పెట్టెమీది ఐపీ అంకె చూడాలి. ఐపీ 20 అని ఉంటే ఇంట్లోకి మాత్రమే. ఐపీ 44 చినుకుల్ని తట్టుకుంటుంది. ఐపీ 65 నీటిధారని సైతం తట్టుకుంటుంది. లోపలివి బయట కట్టి, ఆపైన ఎంత పదిలంగా దాచినా ప్రయోజనం ఉండదు.

సెలవివ్వాల్సినవీ ఉంటాయి

కొన్ని సెట్లని దాచకూడదు. ప్లగ్గు ఊడిపోతే వైరు కొసలు సాకెట్లో గుచ్చి, ఊడకుండా అగ్గిపుల్ల దోపడం చాలా ఇళ్లలో చూసేదే. ఆ స్థితికి వచ్చిన సెట్టుకి ఇక సెలవే. తొడుగు చిట్లినవి, టేపుతోనే నిలబడుతున్నవి, ప్లగ్గు దగ్గర నల్లబడినవి కూడా అంతే. అలాగని రాగి కోసం తగలబెట్టొద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్‌ క్లోరైడ్‌, డయాక్సిన్ల లాంటి విషాలు గాల్లో కలుస్తాయి. ఎలక్ట్రానిక్‌ చెత్త తీసుకునేవాళ్లకి ఇచ్చేయడమే సరైన పని.

ఇంతా చేసి దీనికి పట్టేది ఓ ఆదివారం మధ్యాహ్నం. బొమ్మల్ని పడుకోబెట్టినంత శ్రద్ధగా లైట్లనీ పడుకోబెడితే చాలు. చవితి ముందురోజు పెట్టె మూత తీయగానే బొద్దింక దూకదు, బజారుకి పరుగుండదు. అన్నిటికన్నా ముఖ్యం... వాన వెలిశాక తడి గ్రిల్‌ పట్టుకుని, వెలుగుతున్న దీపాల్ని ఒక్కోటీ లెక్కపెట్టే చిన్నారి గురించి ఇంట్లో ఎవరూ భయపడక్కర్లేదు.