పొగ కింద దాగిన గుంతలు

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ ప్రాణాలర్పించిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృతిగా వీటిని జరుపుతారు. ఫైర్‌మన్ అనగానే మనకు మంట, పొగ గుర్తుకొస్తాయి. కానీ మనుషుల్ని వెతుకుతూ లోపలికి పోయినవారికి ఇంకో శత్రువు కాలి కిందే ఉంటుంది. మన హాస్టల్ తమ్ముళ్లలో ఈ ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారూ ఉన్నారు కనుక మాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాం.

దట్టమైన పొగలో మన చెయ్యి మనకే కనపడదు. నిలబడి నడిస్తే ఒంటి బరువంతా ముందుకు వేసిన కాలి మీద పడుతుంది. అక్కడ నేల లేకపోతే అంతే. అందుకే ఫైర్‌మెన్ మోకాళ్ల మీద పాకుతూ, ఒక చేత్తో గోడను పట్టుకుని, ముందున్న నేలను పనిముట్టుతో కొట్టి చూసుకుంటూ కదులుతారు. మెట్లు దిగేటప్పుడు కాళ్లు ముందు పెట్టి, వెనక్కి తిరిగి దిగుతారు.

ఇక మన కర్నూలు, కడప పల్లెల సంగతి చూద్దాం. మనలో చాలామందిమి మట్టిమిద్దెల్లోనే పుట్టి పెరిగాం. దూలాలు, దంతెల మీద చవుడు మట్టి పరిచిన కప్పు అది. మంట కింద దూలాన్ని తింటున్నా పైన మట్టి చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. పైగా నీళ్లు తాగిన మట్టి బరువెక్కుతుంది. నిమిషానికి 300 లీటర్లు పోసే గొట్టం పది నిమిషాల్లో పోసేది 3,000 కిలోల నీరు. అందులో సగం కప్పు మీద నిలిచినా కాలిన దూలం మోయగలదా? వెలుతురు కోసం వదిలిన గవాచి ఇంకో ప్రమాదం. రేకో, కుండపెంకో మూసిన ఆ రంధ్రం రాత్రిపూట కొత్తవారికి తెలియదు. కొన్ని పాత ఇళ్లలో ధాన్యం పాతరలు కూడా ఉంటాయి.

మన కడప, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. బాగా కాలిన బండ మీద చన్నీళ్లు పడితే పగలవచ్చు. ఆ బండలతో కట్టిన మెట్లను, అటకలను మంటల తర్వాత నమ్మరాదు. సిమెంటు రేకుల కప్పు మామూలు రోజుల్లోనే మనిషి బరువు ఆపదు. గడ్డివాములు, పత్తి గుట్టలు లోలోపల రగిలి డొల్లవుతాయి. పైకెక్కినవాడు నిప్పుల్లోకే దిగబడతాడు. పత్తికి పేరుపడ్డ ఆదోని ప్రాంతంవారు ఇది తెలుసుకోవాలి.

పట్టణాల్లో లిఫ్ట్ గుంతలు, బాత్‌రూముల పక్క డక్టులు, పిట్టగోడ లేని మేడలు ఉంటాయి. తలుపు తీస్తే గది అనుకున్నది లిఫ్ట్ బావి కావచ్చు. మూత జరిగిన సంపు మీద నీళ్లు నిండితే నేలకూ గుంతకూ తేడా తెలియదు. ఇనుము సుమారు 550 డిగ్రీల వేడికి దాదాపు సగం బలం కోల్పోతుంది. 2023 జనవరి 19న సికింద్రాబాద్ డెక్కన్ మాల్ అగ్నిప్రమాదంలో లోపలి శ్లాబులు కూలి, గల్లంతైనవారి కోసం వెతకడం కష్టమైంది. 2015 మే 9న ముంబై కాల్బాదేవిలో మంటలంటుకున్న పాత భవనం కూలిన ఘటన నలుగురు అగ్నిమాపక అధికారులను బలి తీసుకుంది.

మిత్రులారా! ఫైర్‌మన్ కాకపోయినా మనం చేయగలిగింది ఉంది. సంపులకు, బావులకు గట్టి మూతలు వేయించుదాం. హాస్టల్ మెట్ల మీద పెట్టెలు, బకెట్లు పెట్టకుండా చూద్దాం. 101కి ఫోన్ చేసి ఊరుకోకుండా బండి రాగానే ఎదురెళ్లి, "అన్నా, లోపల ఇంతమంది ఉన్నారు, గవాచి ఇక్కడుంది, పాతర అక్కడుంది, సంపు ఈ వైపుంది" అని చెబుదాం. ఆ ఇంటి లోతుపాతులు ఊరివాళ్లకు తెలిసినట్టు బయటివాళ్లకు తెలియవు. మన పిల్లల్ని వెతకడానికి వచ్చినవాడు కూడా ఒక తల్లి బిడ్డే. అతను క్షేమంగా ఇల్లు చేరడంలో మన నోటిమాటకూ వంతు ఉంది.