పెట్టె మా ఊరికొచ్చింది, ప్రశ్న నార్వేల లేసింది

మా ఊరికి ఖతర్ నుంచి ఒక పెట్టె వచ్చింది. అందుల వచ్చినాయన నాకు వరుసకు మామ అయితడు. వయసు 34. శంషాబాద్ కెల్లి అంబులెన్సుల తెచ్చుకున్నం. పెట్టెతోని వచ్చిన కాగితాన్ని నా చేతుల పెట్టి సదువుమన్నరు. కారణం అన్న కాడ ‘గుండె ఆగింది, సహజ మరణం’ అని ఉన్నది. అత్త ఒక్కటే మాట అడిగింది: “మంచిగున్న మనిషి గుండె ఎందుకాగింది బిడ్డా?” కాగితంల జవాబు లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఎవ్వరు ఎత్తలే.

శానా రోజులకు, అత్త అడిగిన మాటనే ఇంకెవరో అడిగిండ్రని సదివి పరేషానైన. అడిగింది మన లీడర్లు కాదు. నార్వే దేశంల, ఉత్తర ధ్రువం దిక్కు, చలికాలం దగ్గర దగ్గర రెండు నెలలు పొద్దు పొడవని ట్రోమ్సో అనే పట్నపు ఫుట్‌బాల్ క్లబ్బు. వాళ్లకు మన గల్ఫోళ్లతోని ఏం సంబంధం? అదే చెప్త.

2022 ప్రపంచకప్పును ఫిఫా 2010లనే ఖతర్‌కు ఇచ్చింది. 7 కొత్త స్టేడియాలు, మెట్రో, రోడ్లు, హోటళ్లు అన్నీ లేవాలె. లేపింది ఎవరు? మనోళ్లు, నేపాలోళ్లు, బంగ్లాదేశోళ్లు. అక్కడ నడిచింది కఫాలా పద్ధతి. అంటే సేటు ఒప్పుకోనిదే వేరే పనికి పోరాదు, దేశం దాటరాదు. కప్పు ఇచ్చినకాంచి పదేండ్లల్ల ఇండియా, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకెల్లి పోయిన 6,500 మందికి పైగ ఖతర్‌ల చనిపోయిండ్రని 2021 ఫిబ్రవరిల గార్డియన్ పత్రిక రాసింది. వీళ్లంత స్టేడియం పనిల చనిపోయినోళ్లు కాదు, అన్ని రకాల చావులు కలిపిన లెక్క. అసలు బాధ ఏందంటే, ఎందుకు చనిపోయిండ్రో సక్కగ చూసినోళ్లే లేరు. ఎక్కువ కాగితాల మీద మా మామ కాగితం మీదున్న మాటలే.

అదే నెలల ట్రోమ్సో క్లబ్బు, “మన దేశం ఈ కప్పు ఆడొద్దు” అని బయటికి చెప్పింది. ఇక్కడ ఒక ముచ్చట తెల్సుకోవాలె. నార్వేల ఫుట్‌బాల్ క్లబ్బు ఒక్క సేటు సొత్తు కాదు. చందా కట్టిన సభ్యులందరిదీ, మనిషికో ఓటు. ఏడాది మీటింగుకు సభ్యులు ఎవరన్న తీర్మానం పెట్టొచ్చు. పగలంత తమ పని చేసుకునే అభిమానులు సాయంత్రం మీటింగుకొచ్చి, ఖతర్ కూలోళ్ల గురించి తీర్మానాలు పెట్టిండ్రు. ఒక్కో క్లబ్బు కదిలింది. మార్చి 24న జిబ్రాల్టర్‌తోని మ్యాచుకు ముందు నార్వే ఆటగాళ్లు మానవ హక్కుల మాట రాసిన అంగీలు తొడుక్కొని నిలవడ్డరు.

జూన్ 20న నార్వే ఫుట్‌బాల్ సంఘం స్పెషల్ మీటింగు పెట్టి ఓట్లు వేయించింది. బహిష్కరణ వద్దని 368, కావాలని 121. ఓడిపోయిండ్రు. కని ఇంటికి పోయి పండుకోలే. మరుసటేడు ఆ సంఘానికి మొదటిసారి ఒక ఆడామె, లీసె క్లావెనెస్, అధ్యక్షురాలైంది. గెలిచిన నెలలనే దోహాల ఫిఫా మహాసభల, ఖతర్ గడ్డ మీదనే నిలవడి, దెబ్బలు తాకిన కూలోళ్లను, చనిపోయినోళ్ల కుటుంబాలను చూసుకోవాలని అడిగింది. ట్రోమ్సో క్లబ్బయితే, ఖతర్‌ల కూలోళ్ల బాధలు రాసి జైలుపాలైన కెన్యా సెక్యూరిటీ గార్డుతోని కలిసి, క్యూఆర్ కోడ్ ఉన్న జెర్సీ చేసింది. ఫోన్‌తోని స్కాన్ చేస్తే అక్కడి హక్కుల సంగతి వస్తది.

“తెల్లోళ్లు మనకు నీతులు చెప్పుడేంది?” అని కొందరంటరు. ఫిఫా అధ్యక్షుడు కూడ గట్లనే అన్నడు. కని ఈ అభిమానులు ముందుగాల నిలదీసింది తమ సొంత సంఘాన్నే. తమ టికెట్ పైసలు, తమ టీం పేరు ఎటు పోతున్నయని అడిగిండ్రు. అందుకే నాకు వాళ్ల మాట నీతి లెక్క అనిపించలే.

మరి ఏమన్న మారిందా? కొంత మారింది. సేటు ఎన్ఓసీ లేకుంట పని మారొచ్చని 2020ల ఖతర్ చట్టం తెచ్చింది. 2021 మార్చికెల్లి కనీస జీతం 1,000 రియాల్లు చేసింది. ఇది ట్రోమ్సో చేసింది కాదు. 2014ల అంతర్జాతీయ కార్మిక సంస్థల పడ్డ ఫిర్యాదు, యూనియన్లు, ఆమ్నెస్టీ అసోంటోళ్లు ఏండ్లకేండ్లు చేసిన ఒత్తిడి దాని ఎనక ఉన్నది. పరిహారం మాత్రం రాలే. 44 కోట్ల డాలర్లు పక్కకు పెట్టుమని 2022ల హక్కుల సంఘాలు ఫిఫాను అడిగినయ్. 2024ల ఫిఫా 5 కోట్ల డాలర్ల నిధి అన్నది. అది కూడ ఆరోగ్యం, శరణార్థుల కార్యక్రమాలకు, పెట్టెలొచ్చిన ఇండ్లకు కాదు.

ఇప్పుడు మన వంతు. 2034 కప్పు సౌదీకి పోయింది. 2024 డిసెంబర్ల ఫిఫా చప్పట్లు కొట్టించి ఖాయం చేసింది. గా చప్పట్ల పద్ధతి మాకు ఇష్టం లేదని నార్వే ముందే రాసిచ్చింది. గా స్టేడియాలు కట్టనీకి పోయేది మళ్ల మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పోరగాండ్లే. దూరమున్నోళ్లకు అడిగే జాగ ఉన్నది, కని సాక్ష్యం ఉండదు. సాక్ష్యం మన ఇండ్లల్లనే ఉన్నది.

అందుకే తమ్ముండ్లు, చెల్లెండ్లు, మీ ఇంట్ల ఎవరన్న గల్ఫ్‌ల ఉంటే అగ్రిమెంటు, వీసా, జీతం చీటీలు ఫొటో తీసి మీ దగ్గర పెట్టుకోండ్రి. సౌదీల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు 12 నుంచి 3 వరకు ఎండల పని చేపియ్యొద్దని రూల్ ఉన్నది. చేపిస్తే తారీఖు, టైం రాసి పంపుమనుండ్రి. పెట్టె వస్తే కాగితం సదివి ఊకోకుండ్రి. ఆఖరి దినం ఏం పని చేసిండు, పక్కన ఎవరున్నరో రూమ్మేట్లను అడిగి రాసుకోండ్రి.

మేము మామ రూమ్మేట్లను అడగలే. అడగాలన్న సోయి అప్పుడు లేకుండె. అత్త గా కాగితాన్ని కవర్ల పెట్టి ట్రంకుపెట్టెల దాసింది. నేను పోయినప్పుడల్ల ఇప్పటికీ గదే అడుగుతది.