వెనుక సీటు ఒక అమానతు

"మీరు నన్ను బీజాపూర్ ఎప్పుడు తీసుకెళతారు?" అని నా శ్రీమతి అడిగి పంతొమ్మిదేళ్లు గడిచాయి. పెళ్లయిన కొత్తలో బంధువుల ఇంటికని చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళుతుంటే, దారి పక్కన బోర్డు మీద ఆ పేరు చూసి బస్సు కిటికీ దగ్గర కూర్చున్న ఆమె ఆ మాట అన్నది. గోల్ గుంబజ్ గురించి బడిలో చదివిందట. "ఇన్‌షా అల్లాహ్, వచ్చే ఏడాది" అన్నాను. ఆ తర్వాత పిల్లలు, వాళ్ల చదువులు, అమ్మీ అనారోగ్యం. బోర్డు అక్కడే ఉంది. మేమే దానిని దాటి వెళ్లలేదు.

నిరుడు మా పెద్దమ్మాయి చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. కిస్తీల జోలికి పోకుండా కొన్నేళ్లుగా కూడబెట్టిన సొమ్ముతో నేనొక మోటారు సైకిలు కొన్నాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ 450. 2023 నవంబరులో విడుదలైన ఈ బండి ఇంజను సామర్థ్యం 452 సీసీ. ట్యాంకులో 17 లీటర్ల పెట్రోలు పడుతుంది. ఇంధనంతో కలిపి బరువు 196 కిలోలు. సీటు నేల నుండి 825 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. గతుకుల బాటలోనూ సాగిపోయేలా ముందు చక్రాన్ని 21 అంగుళాలతో పెద్దదిగా నిర్మించారు. దూర ప్రయాణాల కోసమే పుట్టిన ఇటువంటి బండ్లను అడ్వెంచర్ మోటారు సైకిళ్లు అంటారు.

అమ్మీ మాత్రం పెదవి విరిచింది. "బేటా, నలభై అయిదు దాటాక కొత్త బండా? దాని మీద కోడలిని కూడా ఎక్కించుకుంటావా?" అన్నది. నేను నవ్వేశాను. ఆ ప్రశ్నలో ఎంత అర్థం ఉందో రెండు వారాల తర్వాతగానీ తెలిసిరాలేదు.

చేవెళ్ల దారిలో

సుదూర ప్రయాణానికి ముందు ఒక చిన్న పరీక్ష అవసరమని అనంతగిరి కొండలకు బయలుదేరాం. అంతకు ముందే సామాను పెట్టెల కోసం బండికి ఇరువైపులా ఇనుప చట్రాలు బిగించుకున్నాను. ఆ పని చేసిన మెకానిక్ వెనుక చక్రానికి ఉన్న శారీ గార్డును ఊడదీసి, "ఇలాంటి బండికి ఇది నప్పదు సార్, చట్రానికి కూడా అడ్డు" అన్నాడు. నేను తల ఊపాను. నా శ్రీమతి ఎప్పటిలాగే బురఖా ధరించి వెనుక కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో, మన్నెగూడ దాటి మర్రిచెట్ల నీడలో వస్తుండగా ఆమె నా భుజం మీద గట్టిగా తట్టింది. భయపడుతోందని అనుకున్నాను. "ఏం కాదు, నేనున్నాను" అని వేగం తగ్గించకుండానే సాగాను. మళ్లీ తట్టింది. ఆ వెంటనే నా జాకెట్టు వెనక్కి లాగినట్లయింది, ఆమె కేక వినిపించింది. బండి ఆపి చూసేసరికి బురఖా అంచు చైనుకు, పళ్ల చక్రానికి మధ్య చిక్కుకుని జానెడు మేర చినిగిపోయి, నల్లటి గ్రీజుతో ముద్దగా ఉంది. బట్ట పలుచనిది కాబట్టి చినిగింది. అదే మందపాటి బట్ట అయితే మనిషిని కిందికి లాగేసేది. అల్‌హమ్దులిల్లాహ్, నడుము దగ్గర కాస్త కమిలిన గాయంతో బయటపడింది.

ఇంటికి చేరాక ఆమె ఏమీ అనలేదు. మరునాడు టీ కప్పు ముందుపెట్టి, "బండి అమ్మేయమని నేను అనను. కానీ నేను తట్టినప్పుడు మీరు ఎందుకు ఆగలేదు?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నిజానికి జవాబు ఉంది, అది పైకి చెప్పుకోదగినది కాదు. ఆమె భయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. చేతిలో హ్యాండిల్ ఉన్నవాడికే దారి తెలుస్తుందని భ్రమించాను. వెనుక కూర్చున్న మనిషికి బ్రేకు లేదు, హ్యాండిల్ లేదు, ముందున్న గుంట కూడా కనిపించదు. తన ప్రాణాన్ని మన చేతికి అప్పగించి కూర్చుంటుంది. అంతటి అమానతును నేను ఎంత తేలిగ్గా తీసుకున్నాను!

ముగ్గురికి మూడు మార్పులు

బీజాపూర్ ప్రయాణాన్ని నెల రోజులు వాయిదా వేశాం. ఆ నెలలో మేము మార్చుకున్నవి మూడు: బండి, దుస్తులు, నా అలవాటు.

మొదటిది బండి. వెనుక కూర్చున్నవారి దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా, చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 123వ నియమం చెబుతోంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లు ఆనించడానికి ఫుట్‌రెస్టు కూడా అందులో ఉన్నాయి. అలంకారానికి అడ్డమని నేను తీసివేయించినది ఒక ప్రాణరక్షణ సాధనం. దానిని మళ్లీ బిగించి, దానికి తగినట్లు చట్రాన్నే కాస్త పక్కకు జరిపించాను.

రెండవది దుస్తులు. పర్దా పాటించే స్త్రీ మోటారు సైకిలు మీద దూరం వెళ్లకూడదనే అభిప్రాయం మనలో కొందరికి ఉంది. వెళ్లవచ్చు, అయితే గాలికి ఎగిరే అంచు ఉండకూడదు. ఆమె వదులైన మందపాటి ప్యాంటు, మోకాళ్ల కిందికి వచ్చే వదులు జాకెట్టు కుట్టించుకుంది. దానికి పక్కల చీలిక ఉంది, కింద బొత్తాలు ఉన్నాయి, వేలాడే కొస ఏదీ లేదు. దిగాక పైన వేసుకోవడానికి ముందు బొత్తాల బురఖా సంచీలో పై భాగానే ఉంచుకుంది. స్కార్ఫు పలుచని నూలుది, చివరలు జాకెట్టు లోపలికి దోపింది. గుండుసూదులు పూర్తిగా మానేసింది. హెల్మెట్ లోపల సూది ఉంటే, పడినప్పుడు అదే గాయపరుస్తుంది. హెల్మెట్ కూడా స్కార్ఫు కట్టుకుని వెళ్లి కొలత చూసి తీసుకున్నాం. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. ఒక పక్కకు కూర్చునే పద్ధతికి మాత్రం స్వస్తి చెప్పాం. అలా కూర్చుంటే బరువంతా ఒక వైపే పడుతుంది, పట్టు దొరకదు.

మూడవది నా అలవాటు. ఒక్కసారి తడితే నెమ్మది. రెండుసార్లు తడితే ఆపడం. రెండు తట్లకు కారణం అడగరాదు, బండి ఆగాకే మాట. ఈ నియమం పెట్టింది ఆమె, ఒప్పుకున్నది నేను.

బరువు లెక్క

బయలుదేరే ముందు రోజు అన్నింటినీ తూచాం. నేను 78 కిలోలు, ఆమె 64. హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు కలిసి 12. సామాను 30. బండితో కలిపి మొత్తం 380. నేను ఒక్కడినే వెళితే 280 దాటదు. అంటే మూడో వంతుకు పైగా అదనం. ప్రతి బండికీ ఇంత బరువు దాటకూడదనే హద్దును దానితో ఇచ్చిన పుస్తకంలో ముద్రిస్తారు. అది చూడకుండా పెట్టెలు కొనడం పొరపాటు.

బరువు పెరిగిన మేరకు బండిని ఆపడానికి బ్రేకులు పడే శ్రమ కూడా పెరుగుతుంది. ఒంటరిగా 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండిలో ఉండే శక్తి, ఈ బరువుతో 77 వద్దే వచ్చేస్తుంది. అందుకే మా హద్దు 75 అని నిర్ణయించుకున్నాం. దీనివల్ల నష్టపోయేది ఎంత? హైదరాబాద్ నుండి బీదర్ దాకా ఉన్న సుమారు 145 కిలోమీటర్లను 90 బదులు 75 వేగంతో వెళితే అదనంగా పట్టేది దాదాపు ఇరవై నిమిషాలు. ఒక కప్పు టీ తాగే సమయం.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉంది అన్నదీ ముఖ్యమే. పనిముట్లు, నీళ్ల సీసాల వంటి బరువైన వస్తువులు పక్క పెట్టెల అడుగున, వీలైనంత ముందుకు ఉండాలి. రెండు పెట్టెలూ ఇంచుమించు సమానంగా తూగాలి. వెనుక పైన ఉండే పెట్టెలో వాన కోటు, బట్టల వంటి తేలికైనవే పెట్టాలి. వెనుక చక్రపు ఇరుసుకు అవతల బరువు పెరిగితే ముందు చక్రం తేలికబడి హ్యాండిల్ ఊగుతుంది. ఇద్దరు ఎక్కినప్పుడు వెనుక స్ప్రింగు బిగింపు పెంచాలి. లేకుంటే బండి వెనుక కుంగి, హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలో పడుతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే, ఇద్దరికి చెప్పిన కొలత ప్రకారం గాలి నింపాలి. చైను బిగువును ఇద్దరూ కూర్చున్నాక కూడా ఒకసారి చూడాలి. టైరు ట్యూబుదా, ట్యూబులేనిదా అన్నది తెలుసుకుని దానికి తగిన పంక్చరు సామగ్రి దగ్గర పెట్టుకోవాలి. కొత్త బండి అయితే మొదటి సర్వీసు పూర్తయ్యాకే దూర ప్రయాణం. ఒంటెను కట్టి ఆ పిమ్మట అల్లాహ్‌పై భరోసా ఉంచమన్న బోధ మనకు కొత్తది కాదు.

దారి పొడవునా

డిసెంబరులో ఒక ఉదయం ఫజ్ర్ నమాజు ముగించి, ప్రయాణ దుఆ చదువుకుని, తెల్లగా వెలుగు వచ్చాకే కదిలాం. చీకట్లో నడపరాదన్నది మరో నియమం. ఇరుకుగా ఉండే చేవెళ్ల దారిని వదిలి, విశాలమైన 65వ నంబరు జాతీయ రహదారిని ఎంచుకున్నాం. సంగారెడ్డి దాటాక పొగమంచు. సదాశివపేట దగ్గర ఒక లారీ దాటుకుపోయినప్పుడు హ్యాండిల్ సన్నగా ఊగింది. బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు మెల్లగా వదిలాను. అదే క్షణంలో భుజం మీద రెండు తట్లు. ఆపాను. తీరా చూస్తే చివరి నిమిషంలో నేనే ఆరు కిలోల పనిముట్ల సంచీని పై పెట్టెలో పడేశాను. దాన్ని కిందికి మార్చాక మళ్లీ ఊగలేదు.

జహీరాబాద్ నుండి బీదర్ వైపు తిరిగాక చెరకు ట్రాక్టర్లు ఎదురయ్యాయి. వెనుక లైటు లేని ట్రాలీలు, పక్కలకు వేలాడే గడలు. రాత్రిపూట అయితే కనిపించేవే కావు.

దూర ప్రయాణాల ముచ్చట్లలో మగవారు ప్రస్తావించని విషయం ఒకటి ఈ దారిలో తెలిసింది. మధ్యాహ్నానికి ఆమెకు తలనొప్పి వచ్చింది. ఉదయం నుండి గుక్కెడు నీళ్లు తాగలేదట. "మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందోనని" అన్నది. రోడ్డు పక్కన ఎక్కడైనా ఆగగలిగే నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ రోజు నుండి మా మజిలీలు పెట్రోలు ట్యాంకును బట్టి కాకుండా శుభ్రమైన మరుగుదొడ్డిని బట్టి నిర్ణయమయ్యాయి. గంటకొకసారి ఆగడం, నీళ్లు తాగడం, కాళ్లు చాపుకోవడం. పెద్ద పెట్రోలు బంకులు, కుటుంబాలు వచ్చే హోటళ్లు అందుకు అనుకూలం. దారిలోని కొన్ని మసీదుల్లో స్త్రీలకు ప్రత్యేక స్థలం లేదు. అందుకని జానమాజు, వుజూ కోసం ఒక నీళ్ల సీసా విడిగా ఉంచుకున్నాం. ప్రయాణికులకు ఉన్న ఖస్ర్ సౌలభ్యం విలువ అలసిన శరీరానికి బాగా తెలుస్తుంది.

బీదర్‌లో 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాను చూశాం. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వచ్చి బహమనీల వజీరుగా ఎదిగిన వ్యక్తి కట్టించిన విద్యాలయం అది. మూడంతస్తుల గదులు, మిగిలిన ఒక్క మీనారు, దాని మీద ఇంకా మెరిసే పలకల ముక్కలు. మరునాడు హుమ్నాబాద్ మీదుగా గుల్బర్గా చేరాం. కోటలోని 1367 నాటి జామె మసీదుకు ఆరుబయలు ప్రాంగణం లేదు, మొత్తం పైకప్పు కిందే ఉంది. వరుస కమానుల నడుమ నిలబడితే ఎండ, రొద రెండూ దూరమయ్యాయి. మూడో రోజు కంది చేల మధ్య సాగి, భీమా నదిని దాటి, సింధగీ మీదుగా సాయంత్రానికి బీజాపూర్ చేరాం.

గోల్ గుంబజ్‌లో

పర్యాటకుల సందడి మొదలుకాకముందే ఉదయాన్నే వెళ్లాం. 1656లో మరణించిన ముహమ్మద్ ఆదిల్ షా సమాధి మందిరం అది. మూల బురుజులోని ఏడంతస్తుల మెట్లు ఎక్కితే గుమ్మటం లోపలి వసారా వస్తుంది. అక్కడ గోడ దగ్గర మెల్లగా అన్న మాట ఎదుటి గోడ దగ్గర స్పష్టంగా వినిపిస్తుంది. ఆమె అవతలి వైపు వెళ్లి గోడకు ముఖం ఆనించింది. నేను చెవి ఆనించాను.

"ఏమండీ, ఈసారి ఎక్కడికి?" అని వినిపించింది.

పంతొమ్మిదేళ్ల క్రితం బస్సులో అడిగిన గొంతే అది. మొత్తం సుమారు 800 కిలోమీటర్ల ప్రయాణాన్ని అయిదు రోజుల్లో ముగించి క్షేమంగా ఇల్లు చేరాం. అమ్మీ ముందుగా కోడలి చేతులు, కాళ్లు చూసింది, తర్వాతే నా సలాముకు జవాబిచ్చింది.

సోదరులారా! మనలో చాలామందికి ఇటువంటి పెద్ద బండి లేకపోవచ్చు. కానీ భార్యను ఆసుపత్రికి, తల్లిని బంధువుల ఇంటికి, కూతురిని కాలేజీకి ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లనివారు అరుదు. ఈ పత్రిక పక్కన పెట్టిన వెంటనే ఒకసారి బయటికి వెళ్లి మీ బండి వెనుక చక్రం చూడండి. శారీ గార్డు ఉందా? చైను మూత బిగువుగా ఉందా? వెనుక కూర్చునేవారి కొలతకు సరిపోయే హెల్మెట్ ఇంట్లో ఉందా? రేపు ఉదయం వారు మీ భుజం మీద తడితే, ముందు ఆపండి. కారణం తర్వాత అడగవచ్చు.