పర్మినెంటు పరక, కాంట్రాక్టు పరక: తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పని నాణ్యత, కులం

తిరుపతిలో పనికి కొదవ లేదంటారు. కొండ ఉంది, కొండకొచ్చే జనం ఉన్నారు. రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ, సత్యవేడు వైపు శ్రీసిటీ ఉన్నాయి. ఒళ్ళు వంచేవాడికి కూటికి లోటుండదని పెద్దలు చెప్తా ఉంటారు. ఈ మాట అబద్ధమని మేము అనడం లేదు, సగం మాట అంటున్నాం. ఎన్ని ఉద్యోగాలొచ్చాయో లెక్క చెప్పే ప్రభుత్వాలు ఎలాంటి ఉద్యోగాలొచ్చాయో చెప్పవు. ఎలాంటివి ఎవరికొచ్చాయో అసలే చెప్పవు. ఎస్సీలకు నూటికి పదిహేను దక్కాయా లేదా అన్నది మనకు అవసరమైన ప్రశ్నే. ఆ పదిహేను ఏ కుర్చీలు, ఎన్నాళ్ళు నిలబడే కుర్చీలు అన్న ప్రశ్నను కూడా దాని పక్కన పెట్టి చూడాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పట్టణంలో ఒకే వీధి. తెల్లారకముందే ఇద్దరు ఆడవాళ్ళు పరకలు పట్టుకుని (చీపురును ఈ ప్రాంతంలో పరక అంటారు) చెరో పక్కనుంచి ఊడ్చుకుంటా వస్తారు. ఒకామె మున్సిపాలిటీలో పర్మినెంటు. ఆమెకు ఏటా ఇంక్రిమెంటు ఉంది, డి.ఎ. ఉంది, జబ్బు చేస్తే జీతంతో సెలవు ఉంది. 2004 సెప్టెంబరుకు ముందు చేరింది కాబట్టి రిటైరయ్యాక పాత పెన్షన్ ఉంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం దొరికే దారుంది. జీతం స్లిప్పు చూపిస్తే బ్యాంకువాడు అప్పిస్తాడు, ఆ అప్పుతో కూతురు బి.ఇడి. చదువుతుంది. రెండో ఆమె ఔట్‌సోర్సింగు. పదేళ్ళు చేసినా ఇంక్రిమెంటు లేదు. నాగా పడితే కోత. మేస్త్రీకి ఎదురు చెప్తే వార్డు మారుస్తాడు, ఇంకా గట్టిగా చెప్తే హాజరు పట్టీలో పేరే ఉండదు. చెత్త ఒకటే, దుమ్ము ఒకటే, వీధి ఒకటే. ఉద్యోగాలు మాత్రం రెండు. ప్రభుత్వ ఉపాధి లెక్కలో ఇద్దరూ చెరొక అంకె.

సమాజ శాస్త్రంలో దీన్ని పని నాణ్యత అంటారు. ఎంత కూలి వస్తుందన్నది అందులో ఒక భాగమే. రేపు ఆ పని ఉంటుందా, ఎన్ని గంటలు చేయాలో ఎవరు నిర్ణయిస్తారు, ఒంటికి ఏ జబ్బులు అంటుకుంటాయి, పైమెట్టు అనేది ఒకటి ఉందా, అన్యాయం జరిగితే ఎవర్ని అడగాలి, ఆ పని చేసే మనిషిని పదిమందీ ఎట్లా పిలుస్తారు, ఇవన్నీ కలిస్తేనే ఒక ఉద్యోగం మంచిదో చెడ్డదో తేలుతుంది. 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మర్యాదగల పని అనే లక్ష్యాన్ని ముందుకు తెచ్చింది. 2011లో ఆర్నే కాలెబర్గ్ అనే సమాజ శాస్త్రవేత్త అమెరికా గురించి పుస్తకం రాస్తా, 1970ల తర్వాత అక్కడి ఉద్యోగాలు మంచివి ఒక పక్క, చెడ్డవి ఒక పక్కగా చీలిపోయాయని వివరించాడు. చదువు, యూనియన్ల బలం, కంపెనీల విధానాలు, అక్కడి జాతి వివక్ష కూడా ఆ చీలికలో ఉన్నాయన్నాడు. ఆ వివరణ ఇక్కడికీ పనికొస్తుంది. కానీ మన దేశంలో ఇంకొక సంగతి ముందే జరిగిపోయి ఉంటుంది. కులం పనుల్ని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొడుతుందని అంబేడ్కర్ 1936లోనే వాదించారు. అంటే చెడ్డ ఉద్యోగం తయారయ్యేసరికే దాన్ని చేయాల్సిన మనిషి కూడా తయారుగా ఉంటాడన్నమాట.

మరి పైన చెప్పిన రెండో ఉద్యోగం ఎట్లా తయారైంది? అది దానంతటది పుట్టలేదు. కాగితాల మీద, చట్టాల్లో, తీర్పుల్లో ఒక్కో అడుగుగా తయారైంది.

1970 కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పిందేమిటంటే, ఏడాది పొడుగునా ఉండే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించవచ్చు. వీధులు ఊడవడం కంటే ఏడాది పొడుగునా ఉండే పని ఏముంది? 1994లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దినకూలీ నియామకాల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అదే ఏడాది ఏప్రిల్లో వచ్చిన 212 జీవో, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళ సర్వీసు నిండినవాళ్ళని పర్మినెంటు చేయవచ్చంది. కొన్ని వేల దళిత కుటుంబాలకు ఈ జీవో నెంబరు ఇంటి పేరంత బాగా తెలుసు. అయితే దినకూలీ తలుపు మూశారు, పని ఆగలేదు కదా. ఆ పని కాంట్రాక్టరు కిటికీలోంచి లోపలికొచ్చింది. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టును నిషేధిస్తే ఆ కార్మికులు అసలు యజమాని కిందికి వచ్చేస్తారని చెప్పింది. అయిదేళ్ళు తిరక్కుండానే 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో ఆ తీర్పును కొట్టేసింది. 2006లో ఉమాదేవి కేసు తీర్పుతో, నియామక పద్ధతి ప్రకారం రానివాళ్ళు ఎన్నేళ్ళు చేసినా పర్మినెంటు హక్కు లేదని తేలిపోయింది. ఆ నియామక పద్ధతి పాటించకుండా మనుషుల్ని తీసుకున్నది ఎవరు, కార్మికులా ఆఫీసర్లా అని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

వీటి మధ్యలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ఒక పని గురించి మన ఉద్యమాల్లో తగినంత చర్చ జరగలేదు. 2003లో కాంట్రాక్టు కార్మిక చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, ముఖ్య పని అనే కొత్త మాట పెట్టారు. ఏ సంస్థకైనా దాని ముఖ్య పనిలో కాంట్రాక్టు పనికిరాదు, మిగతావాటిలో ఫరవాలేదు అని దాని సారం. ఆ మిగతావి ఏమిటో ఒక జాబితా ఇచ్చారు. జాబితాలో మొదటిదే పారిశుద్ధ్యం: ఊడవడం, తుడవడం, దుమ్ము దులపడం, అన్ని రకాల చెత్తను ఎత్తిపోయడం. ఆ తర్వాత కాపలా, క్యాంటీన్, లోడింగు అన్లోడింగు, తోటపని, బట్టలుతకడం వంటివి వస్తాయి. సంస్థ ఆ పని కోసమే ఏర్పడితే తప్ప ఇవేవీ ముఖ్యం కావు. ఈ జాబితాను ఒకసారి కులం కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. అందులో కులం పేరు ఒక్కటీ లేదు. ఉండనవసరం లేదు, పనుల పేర్లు చెప్తే చాలు. ఊడ్చేది, మోసేది, కాపలా కాసేది, ఉతికేది ఎవరో మన ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కేంద్రం తన 2020 వృత్తి భద్రత స్మృతిలో దాదాపు ఇదే జాబితాను పెట్టుకుంది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. ఒకప్పుడు మన రాష్ట్రం తయారుచేసిన మాట ఇప్పుడు దేశమంతటి మాట అయింది.

ఇప్పుడు రిజర్వేషన్ సంగతి చూద్దాం. రాజ్యాంగం 16(4) ప్రకారం రిజర్వేషన్ అనేది పోస్టుకు వర్తిస్తుంది. కాంట్రాక్టరు ఇచ్చే పని పోస్టు కాదు. కాబట్టి పని పోస్టులోంచి కాంట్రాక్టులోకి జారిన ప్రతిసారీ, రిజర్వేషన్ నియమం మీద ఒక్క అక్షరం మార్చకుండానే రిజర్వేషన్ తగ్గిపోయింది. పర్మినెంటువాళ్ళు రిటైరయినకొద్దీ ఆ ఖాళీలు ఔట్‌సోర్సింగుగా మారతా వచ్చాయి. అటెండరు, డ్రైవరు, వాచ్‌మన్, కంప్యూటర్ ఆపరేటరు, అంటే దళితవాడలో పదో తరగతి, ఇంటరు చదివిన మొదటి తరం ఎక్కగలిగిన మెట్లు ముందుగా పోయాయి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినప్పుడు పోయినవి కూడా ఇలాంటి మెట్లే. ఇక్కడ ఒక పక్కమాట. ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2025లో రాష్ట్ర చట్టం వచ్చింది. ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడం న్యాయమే. అయితే పంచుకునే కుండలో గింజలెన్ని మిగిలాయో కూడా మాల, మాదిగ, రెల్లి సోదరులందరూ కలిసి చూసుకోవాల్సి ఉంది.

2019లో రాష్ట్ర ప్రభుత్వం ఔట్‌సోర్సింగు కోసం ఒక కార్పొరేషన్ పెట్టింది. దాన్నే ఆప్కాస్ అంటారు. 2020 జూలైలో మొదలైంది. దళారీ కాంట్రాక్టర్లు పోతారని, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సగం ఇస్తామని చెప్పారు. జీతంలో కోత కోసే మధ్యవాడు పోవడం మేలే, కాదనడం లేదు. కానీ లెక్క పెరిగినా ఉద్యోగం గుణం మారలేదు. పెన్షన్ లేదు, ఇంక్రిమెంటు లేదు, పైమెట్టు లేదు. పైగా ఒక విచిత్రం. సంక్షేమ పథకాల అర్హతల్లో పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చినా, ఆప్కాస్‌లో ఉన్న మిగతావాళ్ళు చాలామంది ప్రభుత్వోద్యోగులుగా లెక్కలోకొచ్చి పథకాలు పోగొట్టుకున్నారు. పథకం దగ్గర ప్రభుత్వోద్యోగి, పెన్షన్ దగ్గర కాదు. 2025లో ఆ కార్పొరేషన్ ఉండాలా వద్దా అనే చర్చే నడిచింది. ఒక జీవోతో వచ్చింది ఇంకో జీవోతో పోగలదు. చట్టబద్ధమైన పోస్టుకూ దీనికీ తేడా అదే.

కూలి పెరగలేదని కాదు. కార్మికులు కొట్లాడి పెంచుకున్నారు. 2015 జూలైలో మున్సిపల్ కార్మికుల పెద్ద సమ్మె జరిగింది. 2019లో ఆరోగ్య భత్యం 6,000 కలిపి నెలకు 18,000 అయింది. 2023 డిసెంబరు 26న మొదలై సంక్రాంతి ముందుదాకా సాగిన సమ్మెలో తిరుపతి, చిత్తూరు కార్మికులూ ఉన్నారు. ఆ సమ్మె తర్వాత 21,000 ఖాయమైంది. ఆ భత్యం పేరు ఒకసారి గమనించండి. ఆరోగ్యం పాడవుతుందని యజమాని ముందే ఒప్పుకుని నెలనెలా దానికి ధర కడుతున్నాడు. చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు సమయానికి ఇవ్వడం కంటే అది తేలిక కాబోలు. మ్యాన్‌హోల్లో దిగి చనిపోతే 2014 తీర్పు ప్రకారం 10 లక్షలు, 2023 అక్టోబరు తీర్పు ప్రకారం 30 లక్షలు. పాకీ పని చేయించడం నేరమని 1993 నుంచీ, రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దించడం నేరమని 2013 నుంచీ చట్టాలు చెప్తా ఉన్నాయి. ఈ పోరాటాన్ని దేశమంతా తిప్పిన బెజవాడ విల్సన్ మనకు పొరుగునే ఉన్న కోలారు బంగారు గనుల ఊళ్ళో, తెలుగు మాట్లాడే పాకీ కార్మికుల ఇంట్లో పుట్టాడు. అక్కడ పాకీ పని ఇంటికి సొమ్ములాగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది.

పనికి గౌరవం ఎక్కడినుంచి వస్తుందో కొండమీద బాగా కనిపిస్తుంది. తిరుమలలో శాశ్వత ఉద్యోగుల కంటే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగువాళ్ళే ఎక్కువ. 2023 వేసవిలో అక్కడి పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత మే నెలలో సుందర తిరుమల, శుద్ధ తిరుమల అనే కార్యక్రమంలో పెద్ద ఉద్యోగులు, న్యాయమూర్తులు, భక్తులు ఘాట్ రోడ్లలో, నడకదారుల్లో చెత్త ఏరారు. ఏరినవాళ్ళని మేము తప్పుపట్టడం లేదు. అడుగుతున్నది ఒకటే. అదే చెత్త ఒక పూట ఏరితే సేవ, పుణ్యం. ముప్పయ్యేళ్ళు ఏరితే నీచమైన పని ఎట్లా అయింది? పనిలో తేడా లేదు. ఒకరు ఇష్టంతో వచ్చి ఇష్టంతో పోగలరు, ఇంకొకరు పోలేరు. చెడ్డ ఉద్యోగానికి ఇంతకంటే మంచి కొలమానం మాకు తెలియదు.

ప్రైవేటు ఫ్యాక్టరీల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే అక్కడ కులం లెక్కే తీయరు. శ్రీసిటీ కోసం సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో భూములు తీసుకున్నారు. 2019లో రాష్ట్రం ఫ్యాక్టరీల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకని చట్టం చేసింది. ఊరిని బట్టి లెక్క తీయగలిగినప్పుడు వాడను బట్టి ఎందుకు తీయకూడదు? వివక్షకు రుజువేదీ అంటారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో అచ్చువేసిన పరిశోధన ఉంది. ఒకే చదువు, ఒకే అర్హతలతో పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపొచ్చే అవకాశం అగ్రకులపు పేరున్నదానితో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఇది గేటు దగ్గరి సంగతి. గేటు దాటాక కంపెనీ రోల్స్‌లో ఎవరు, ఏజెన్సీ కింద ఎవరు, హౌస్‌కీపింగులో ఎవరు అన్నది ఇంకా తీయాల్సిన లెక్క.

మన స్నేహితుల్లో కొందరు ఒక అభ్యంతరం చెప్తారు. పరకను పర్మినెంటు చేయమని అడగడమంటే కులవృత్తిని పర్మినెంటు చేయమనడమే కదా అని. కొట్టిపారేయదగిన మాట కాదిది. ఏ జీవో లేకుండా నూటికి నూరు మనకే దక్కిన ఏకైక ఉద్యోగం అది. కానీ పర్మినెంటు పరక ఉన్న ఇంట్లో పిల్లలు ఆ పరక పట్టకుండా బయటపడే దారి దొరికింది. కాంట్రాక్టు పరక ఉన్న ఇంట్లో తల్లికి జ్వరమొస్తే ఆ రోజు పేరు పోకుండా కూతురే పరక పట్టుకుని పోవాలి. కులవృత్తిని తరాల మీద తరాలు నిలబెట్టేది రెండోదే.

ఇప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. ముఖ్య పని అనే మాటకు చట్టంలోనే ఒక మినహాయింపు ఉందని చెప్పాం: సంస్థ ఆ పని కోసమే ఏర్పడితే అది ముఖ్యమే అవుతుంది. పట్టణంలో చెత్త తీయించడం మున్సిపల్ చట్టాల ప్రకారం మున్సిపాలిటీ తప్పనిసరి విధి. ఈ వాదనను యూనియన్లు లాయర్లతో కూర్చుని పట్టుకోవాలి. దానికి లెక్కలు కావాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద తిరుపతి, చిత్తూరు కార్పొరేషన్లను, పుంగనూరు, పలమనేరు, శ్రీకాళహస్తి వంటి మున్సిపాలిటీలను అడగాల్సినవి ఇవి. మంజూరైన పారిశుద్ధ్య పోస్టులు ఎన్ని, అందులో పర్మినెంటు మనుషులతో నిండినవి ఎన్ని. 1994 నుంచి రిటైరైనవాళ్ళ ఖాళీలు ఏ ఏడాది ఎన్ని నింపారు. ఔట్‌సోర్సింగువాళ్ళలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఇతరులు పనివారీగా ఎంతమంది: ఊడ్చేవాళ్ళు వేరు, డ్రైవర్లు వేరు, ఆఫీసులో కూర్చునేవాళ్ళు వేరు. యంత్రాలు కొన్నారు గదా, వాటిని నడిపే పని పరక పట్టినవాళ్ళలో ఎందరికి ఇచ్చారు. మొత్తం సంఖ్య ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోకుండా అప్పీలుకు పోవాలి. మనకు కావాల్సింది ఆ విడివిడి అంకెలే.