పంపుసెట్టు అదురుచున్నదా?

మీ పంపుసెట్టు మునుపటికంటె ఎక్కువగా అదురుచున్నచో ఉపేక్షింపవలదు. ఆ అదురు బేరింగులను అరగదీయును. వరి పొట్టదశలో నున్నప్పుడు మోటారు మొరాయించిన నష్టము మీదే.

నిమిషమునకు 1,440 చుట్లు తిరుగు మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగును. అదురు చుట్టుకు ఒకమారు వచ్చుచున్నచో తిరుగు భాగముల బరువు సమముగా లేదనియు, రెండుమార్లు వచ్చుచున్నచో మోటారు, పంపు ఇరుసులు ఒకే వరుసలో లేవనియు ఇంజనీర్లు ముందుగా అనుమానింతురు. దీనిని కొలుచుటకు పరికరములు కలవు.

పరికరము లేకున్నను మీరొక పరీక్ష చేయవచ్చును. నడుచుచున్న మోటారుకు కరెంటు ఆపి చూడుడు. అదురు తక్షణమే పోయినచో దోషము విద్యుత్తుకు సంబంధించినది, ఎలక్ట్రీషియనును పిలువుడు. వేగముతోపాటు క్రమముగా తగ్గినచో దోషము యంత్రములోనిది. అప్పుడు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి, పునాది బోల్టులు బిగించి, కప్లింగు వరుస సరిచూడవలెను.

గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనవలదు.