దసరాకి కుండీలో, దీపావళి దాటాక నేలలో

(క్రాన్‌బర్న్ తెలుగు కుటుంబాల కోసం రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

ఈమధ్య కలిసినవాళ్ళలో ముగ్గురు నలుగురు ఒకే ప్రశ్న అడిగారు. "చలికాలం వెళ్ళిపోయింది కదండీ, బీర, సొర గింజలు ఇక పెట్టేసుకోవచ్చా?" అని. వద్దండీ. ఇంకో ఆరు వారాలు ఆగండి. ఎందుకు ఆగమంటున్నానో మా ఇంటి కథతోనే చెప్తాను.

మేం క్రాన్‌బర్న్ వచ్చిన మొదటి ఏడాది మా అత్తగారు ఆగస్టులో వచ్చారు. జనవరి మధ్యలో తిరుగు ప్రయాణం. ఇంటి వెనక అంత ఖాళీ జాగా చూసేసరికి ఆవిడకి చెయ్యి ఊరుకోలేదు. సెప్టెంబర్ మూడోవారంలో రెండు రోజులు ఎండ బాగా కాసింది. "మన ఉగాది ఎండలాగే ఉందిగా, పెట్టేద్దాం" అన్నారు. బీర, పొట్ల, కాకర వరసగా పెట్టేశాం. మూడోనాడు దక్షిణపు గాలి తిరిగి వడగళ్ళు పడ్డాయి. సగం గింజలు నేలలోనే కుళ్ళిపోయాయి. మొలిచినవి రెండాకులు వేసి, పసుపు రంగుకి తిరిగి, నెల్లాళ్ళు అలాగే నిలబడిపోయాయి. నవంబర్‌లో మళ్ళీ పెట్టాం. తొలి బీరకాయ కోసింది జనవరి ఆఖర్న. అప్పటికి ఆవిడ విజయవాడలో ఉన్నారు. ఫోటో పంపిస్తే, "తొక్క పారెయ్యకు, పచ్చడి చెయ్యి" అన్నారు.

జరిగిందేమిటంటే, మేం గాలిని చూశాం గానీ నేలని చూడలేదు. గాలి ఒక్క పూటలో వేడెక్కుతుంది. నేలకి వారాలు పడుతుంది. బీర, సొర, పొట్ల, కాకర అన్నీ వేడిదేశపు మొక్కలు. నేల పదిహేను డిగ్రీల లోపు ఉంటే గింజ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది కానీ మొలవదు, ఈలోగా బూజు పట్టేస్తుంది. మొలిచిన మొక్కదీ అదే అవస్థ. వేళ్ళు చల్లబడితే నీటిని సరిగా లాగలేవు. నేల తడిగానే ఉంటుంది, ఆకులు మాత్రం వాడిపోతాయి. మనం కంగారుపడి ఇంకాస్త నీళ్ళు పోస్తాం, దానితో నేల మరింత చల్లబడుతుంది! అలా బిగుసుకుపోయిన మొక్క తరవాత ఎండలు వచ్చినా తొందరగా తేరుకోదు. ఆలస్యంగా పెట్టిన మొక్కే దాన్ని దాటిపోతుంది.

ఇంకో సంగతి. మెల్‌బోర్న్ నగరం మధ్యలో ఉన్న స్నేహితులు "మేం అప్పుడే పెట్టేశాం" అంటే పోటీ పడకండి. అక్కడ కాంక్రీటు పగటి వేడిని రాత్రిదాకా దాచుకుంటుంది. మన దగ్గర ఆరుబయలు ఎక్కువ. అక్టోబర్ రాత్రులు కూడా పది డిగ్రీల దగ్గరే ఊగిసలాడతాయి. నేల రకం కూడా చూసుకోవాలి. క్రాన్‌బర్న్‌లో పాత నేల చాలాచోట్ల ఇసుక. 2006లో తెరిచిన బొటానిక్ గార్డెన్స్‌లోని ఆస్ట్రేలియన్ గార్డెన్ కూడా ఒకప్పటి ఇసుక క్వారీలో కట్టిందే. ఇసుక త్వరగా వేడెక్కుతుంది. మీ పెరట్లో బంకమట్టి ఉంటే మాత్రం ఇంకో వారం పది రోజులు ఆగాలి, లేదా జానెడు ఎత్తు మడి కట్టుకోవాలి.

మరి ఎప్పుడు పెట్టాలి? ఇక్కడివాళ్ళు టమాటా నారుకి మెల్‌బోర్న్ కప్ రోజుని గుర్తు పెట్టుకుంటారు. అంటే నవంబర్ మొదటి మంగళవారం. గుర్రప్పందేనికీ టమాటాకీ ఏమిటి సంబంధం అని నేనూ నవ్వాను గానీ, లెక్క మంచిదే. మనకి అంతకన్నా మంచి లెక్క పండగల్లో ఉంది. దసరాకి గింజలు చిన్న కుండీల్లో వేసి ఇంట్లో పెట్టండి. దీపావళి దాటాక నేలలో నాటండి. మధ్యలో ఇరవై రోజులు. తీగ మొక్క కుండీలో ఉండాల్సింది సరిగ్గా అంతే. అంతకుమించి ఉంచితే వేళ్ళు చుట్టుకుపోతాయి, నూలుకండెలా తీగలు పెనవేసుకుంటాయి. అయితే దీపావళి ఒక్కో ఏడు ముందుకొస్తుంది. 2025లో అక్టోబర్ 20నే వచ్చింది. అలాంటప్పుడు రెండూ రెండు వారాలు వెనక్కి జరపండి. 2026లో నవంబర్ 8న కాబట్టి బెంగ లేదు.

ఏ పండగైనా ఆఖరి మాట నేలదే. వంటకి వాడే థర్మామీటరు ఉంటే ఉదయం తొమ్మిదింటికి నాలుగంగుళాల లోతున గుచ్చి చూడండి. వరసగా మూడు నాలుగు రోజులు పద్ధెనిమిది డిగ్రీలు చూపిస్తే నాటుకోవచ్చు.

కుండీల సంగతి. గింజలు రాత్రంతా నానబెట్టండి. కాకర గింజకి పెచ్చు గట్టి, గోళ్ళు తీసే కత్తెరతో అంచు కొంచెం చిదిపితే సులువుగా మొలుస్తుంది. ఈ జాతికి వేళ్ళు కదిపితే కోపం. అందుకని కాగితం కప్పులో వేసి, నాటేటప్పుడు అడుగు చింపి కప్పుతో సహా పాతెయ్యండి. నాటే ముందు వారం రోజులు పగలు బయట నీడలో, రాత్రి లోపల ఉంచి అలవాటు చెయ్యాలి. ఇంట్లో పెరిగిన లేత ఆకుల్ని ఇక్కడి ఎండ ఒక్క పూటలో కాల్చేస్తుంది.

పందిరి ఎక్కడ వెయ్యాలన్న దగ్గర చాలామంది పొరపడతారు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి కాస్తాడు. కాబట్టి మీ స్థలానికి దక్షిణపు కంచె దగ్గర వేస్తే తీగకి రోజంతా ఎండ. రేకు కంచెకి మరీ ఆనించకండి, జనవరిలో అదే పెనమవుతుంది.

ఇక చిక్కుడు. "ఎంత ఏపుగా పెరిగిందో, ఒక్క పువ్వు లేదు" అని ఏటా ఎవరో ఒకరు బాధపడతారు. తప్పు మీది కాదు. మన పాత పందిరి చిక్కుడు పగలు చిన్నదైతేనే పూస్తుంది. అందుకే మన ఊళ్ళో చలికాలంలో కాస్తుంది. ఇక్కడ డిసెంబర్‌లో పగలు దాదాపు పద్నాలుగున్నర గంటలు. అది మార్చిదాకా ఆగి పూత మొదలుపెట్టేసరికి చలి వచ్చేస్తుంది. పగటి పొడవుతో పనిలేని పొట్టి రకాలు ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. అవి పాకవు, పందిరి అక్కర్లేదు.

ఇంతకీ గింజలు ఊరినుంచి తెప్పించుకుందామనుకుంటున్నారా? అమ్మానాన్నల పెట్టెలో చీరల మధ్య పొట్లాలు పెట్టించకండి. 2014లో నార్తర్న్ టెరిటరీలో పుచ్చతోటలకి దోసజాతి వైరస్ ఒకటి సోకిన దగ్గర్నుంచీ సొర, దోస, పుచ్చ గింజల మీద తనిఖీ బాగా బిగించారు. చెప్పకుండా తెస్తే గింజలూ పోతాయి, జరిమానా కూడా పడవచ్చు. పోయినేడు కాయించిన పొరుగింటివాళ్ళని అడగండి. తీగమీదే ఎండిన బీరకాయ ఒక్కటి విప్పితే పది ఇళ్ళకి సరిపడా గింజలు రాలతాయి.